అంగుళానికి ఆరడుగులు: ప్లాస్టిక్ విమాన నమూనాల నిర్మాణం

తెలుగులో వ్యసనమనీ, వ్యాసంగమనీ రెండు మాటలున్నవి. రెండింటిలోనూ మనిషి కాలాన్ని మరచిపోతాడు. రెండింటికీ చేతిలోని పైకం కొంత ఖర్చవుతుంది. అయితే మొదటిది ముగిసిన పిమ్మట చేతిలో ఏమీ మిగలదు. రెండవది ముగిసిన పిమ్మట ఒక వస్తువో, ఒక నైపుణ్యమో, కొంత జ్ఞానమో మిగులుతుంది. తపాలా బిళ్ళల సేకరణ, నాణేల సేకరణ, తోటపని, ఛాయాచిత్రణం మొదలైన వ్యాసంగాలు మన విద్యార్థులకు పరిచితమైనవే. వాటి సరసన నిలువదగినదై ఉండియు మన ప్రాంతంలో అంతగా ప్రచారం పొందని వ్యాసంగం మరొకటి కలదు. అది ప్లాస్టిక్ ముక్కలను అతికి, రంగులు వేసి, అసలు విమానాలకు కొలత తప్పని చిన్న ప్రతిరూపాలను తయారుచేయుట.

ఈ నమూనాలు ఎగురవు. వీటిలో ఇంజను ఉండదు, బ్యాటరీ ఉండదు. బల్లపై నిలిపి చూచుకొనుటకే ఇవి ఉద్దేశింపబడినవి. అందుచేత దీనిని పిల్లల ఆట అని త్రోసిపుచ్చువారు లేకపోలేదు. అట్టివారికి మేము మనవి చేయునది ఒకటే. ఈ పనిలో సగం చేతులది, మిగిలిన సగం విచారణది. ఎదుట ఉన్న నమూనా ఏ విమానానికి ప్రతిరూపం, ఆ విమానం ఏ సంవత్సరంలో ఏ రంగులో ఉండెను, అందుకు సాక్ష్యమేమి అను ప్రశ్నలకు సమాధానం దొరకనిదే కుంచెకు పని లేదు. ఈ రెండు సగాలను గూర్చియు ఈ వ్యాసంలో వివరింపదలచితిమి.

కొలత యొక్క లెక్క

నమూనాకు ప్రాణం కొలత. పెట్టెపై 1/72 అని ముద్రించి ఉన్నచో, అసలు విమానంలోని 72 అంగుళాలు నమూనాలో ఒక అంగుళమైనవని అర్థం. 72 అంగుళాలనగా ఆరడుగులు. ఆరడుగుల మనిషి ఈ కొలతలో సరిగా అంగుళం ఎత్తున నిలుచును. అడుగులు, అంగుళాలలో లెక్కించు దేశాలలో ఈ కొలత పుట్టుటకు ఈ సౌలభ్యమే కారణం. 1/48 కొలతలో నాలుగడుగులు ఒక అంగుళమగును. 1/32, 1/24 కొలతలు ఇంకను పెద్ద నమూనాలకు, 1/144 కొలత పెద్ద ప్రయాణికుల విమానాలకు వాడుకలో ఉన్నవి.

ఒక ఉదాహరణ చూతము. బ్రిటిషువారి స్పిట్‌ఫైర్ అను యుద్ధవిమానం 1936 మార్చి 5న తొలిసారిగా ఎగిరినది. తొలి రకపు స్పిట్‌ఫైర్ రెక్కల వెడల్పు 36 అడుగుల 10 అంగుళాలు, పొడవు 29 అడుగుల 11 అంగుళాలు. 1/72 కొలతలో రెక్కలు ఆరంగుళాలకు కొద్దిగా మించును. పొడవు సుమారు ఐదంగుళాలు వచ్చును. అనగా అరచేతిలో ఇమిడిపోవును.

ఈ లెక్క పొడవులతో ఆగదు. నమూనాపై మిల్లీమీటరులో పదవ వంతు మందాన రంగు పూసితిమనుకొందము. 72తో గుణించినచో అది అసలు విమానంపై ఏడు మిల్లీమీటర్ల పైచిలుకు మందమున్న పూతకు సమానం. అంత మందాన రంగు పట్టించిన విమానం లోకంలో ఉండబోదు. అరమిల్లీమీటరు ఎత్తు గల రివెట్టు గుర్తు, అసలు విమానంపై 36 మిల్లీమీటర్ల బొడిపెకు సమానం. పలుచని పూత, సన్నని గీత, చిన్న చుక్క, వీటి కోసం నిపుణులు ఏల అంత పట్టుబట్టుదురో ఈ గుణకారమే చెప్పుచున్నది.

కర్ర నుండి ప్లాస్టిక్ వరకు

1930ల ఆరంభంలో బ్రిటన్‌లో 'స్కైబర్డ్స్' అను పేరుతో 1/72 కొలతలో కిట్‌లు వెలువడినవి. అందులో కర్ర ముక్కలు, లోహపు భాగాలు ఉండెడివి. చెక్కుట, నునుపుచేయుట కొనినవారి పని. 1936లో 'ఫ్రాగ్' అను సంస్థ ప్లాస్టిక్‌తో పోతపోసిన భాగాలను పెట్టెలో పెట్టి అమ్మసాగినది. ఆ సంస్థ అంతకుముందు నుండి ఎగిరే బొమ్మలను కూడ తయారుచేయుచుండెడిది. ఎగరని ఈ కొత్త శ్రేణికి 'పెంగ్విన్' అని పేరు పెట్టినది. పెంగ్విన్ రెక్కలుండియు ఎగరలేని పక్షి గదా! ఆనాటి ప్లాస్టిక్ సెల్యులోజ్ ఎసిటేట్. అది కాలక్రమంలో వంకరపోవు స్వభావం గలది.

రెండవ ప్రపంచయుద్ధం ఈ వ్యాసంగాన్ని పాఠశాలలలోనికి తెచ్చినది. ఆకాశంలో కనబడు విమానం మనదా, శత్రువుదా అని క్షణంలో గుర్తింపవలసిన అవసరం సైనికులకు ఏర్పడినది. 1942లో అమెరికా నౌకాదళం తమ దేశపు పాఠశాలల విద్యార్థులను 5 లక్షల నమూనాలు చేసి ఇమ్మని కోరినది. 1/72 కొలతలో, 50 రకాల విమానాలను, రకానికి 10 వేల చొప్పున, పిల్లలు కర్రతో చెక్కవలసి ఉండెను. రంగు లేక, నల్లని ఆకారం మాత్రమే గల ఆ బొమ్మలతో సైనికులకు శిక్షణ ఇచ్చిరి. నేటికీ 1/72 కొలత అంతగా స్థిరపడి ఉండుటకు ఆ శిక్షణ నమూనాలు కొంత కారణం.

యుద్ధానంతరం పాలిస్టైరీన్ అను చవకైన ప్లాస్టిక్ వాడుకలోనికి వచ్చినది. బ్రిటన్‌లో శరణు పొందిన నికొలస్ కోవ్ అను హంగేరీ దేశస్థుడు 1939లో 'ఎయిర్‌ఫిక్స్' సంస్థను స్థాపించెను. మొదట రబ్బరు బొమ్మలు, తరువాత తలదువ్వుకొను దువ్వెనలు ఆ సంస్థ సరకు. 1949లో ఒక ట్రాక్టరు కంపెనీ కోరికపై చిన్న ట్రాక్టరు నమూనా చేసిరి. ఆ పిమ్మట 'గోల్డెన్ హైండ్' అను పాతకాలపు ఓడ, తరువాత స్పిట్‌ఫైర్ విమానం వచ్చినవి. రెండు షిల్లింగులకు సంచిలో దొరకిన ఆ విమానం ఎందరో బాలురకు తొలి పాఠమైనది. జపాన్‌లో షిజువోకా పట్టణం ఇట్టి పరిశ్రమకు కేంద్రమైనది. అక్కడి టమియా, హసెగావా సంస్థలు రెండును కర్రపనితో ఆరంభమై ప్లాస్టిక్‌కు మారినవే. ఎయిర్‌ఫిక్స్ 1981లో దివాలా తీసి, చేతులు మారి, 2006 నుండి హార్న్‌బీ అను బొమ్మరైళ్ళ సంస్థ క్రింద కొనసాగుచున్నది.

పెట్టెలో ఉండునది

పెట్టె తెరచినచో బూడిదరంగు చట్రాలకు అంటిపెట్టుకొని ఉన్న అనేక ముక్కలు కనబడును. ఆ చట్రాన్ని స్ప్రూ అందురు. పాలిస్టైరీన్ గుళికలను కరిగించి, ఉక్కు అచ్చులోనికి గొప్ప ఒత్తిడితో ఎక్కించినప్పుడు, ద్రవం ప్రవహించిన కాలువలే చల్లారిన పిమ్మట ఈ చట్రాలుగా మిగులును. పంచదార చిలకలు చేయువారు కర్ర అచ్చులో పాకం పోయుట చూచినవారికి ఈ ప్రక్రియ సులభంగా బోధపడును.

అచ్చుపనికి సహజమైన లోపాలు మూడు. అచ్చు రెండు సగాల మధ్య సందు ఉన్నచో అంచున పలుచని పొర పొంగును. ముక్క దళసరిగా ఉన్నచోట చల్లారునప్పుడు ముడుచుకొని పైన గుంట పడును. ముక్కను అచ్చులో నుండి నెట్టిన సూదుల గుర్తులు గుండ్రని ముద్రలుగా నిలుచును. ఈ మూడింటిని గుర్తుపట్టి సరిచేయుటయే తొలిమెట్టు. ఇవిగాక పెట్టెలో పటాలతో కూడిన సూచనల కాగితం, గాజువలె పారదర్శకమైన పైకప్పు, గుర్తులు ముద్రించిన డెకాల్ కాగితం ఉండును. జిగురు, రంగులు సాధారణంగా విడిగా కొనవలెను.

కొండపల్లి వరుస

పనిలోని క్రమం మన తెలుగువారికి కొత్తది కాదు. కొండపల్లి బొమ్మలు చేయువారు తెల్లపొనికి కర్రతో అవయవాలను వేరువేరుగా చెక్కుదురు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతుకుదురు. అతుకులను పూడ్చి నునుపు చేయుదురు. తెల్లసున్నపు పూత వేయుదురు. ఆ పిమ్మటనే రంగులు దిద్దుదురు. విడిభాగం, అతుకు, పూడ్పు, అస్తరు, రంగు: ప్లాస్టిక్ విమానానికీ ఇదే వరుస.

మొదట సూచనల కాగితాన్ని చివరివరకు చదువవలెను. తరువాత చట్రాలను గోరువెచ్చని సబ్బునీటిలో కడుగవలెను. అచ్చుకు పూసిన నూనెజిడ్డు ముక్కలపై మిగిలియున్నచో రంగు పట్టదు. నీరు వేడిగా ఉండరాదు. పాలిస్టైరీన్ సుమారు 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మెత్తబడును; సన్నని ముక్కలు అంతకు ముందే వంగవచ్చును. పసిపిల్లల స్నానపు నీటిని మించిన వేడి పనికిరాదు.

ముక్కను చట్రం నుండి మెలిపెట్టి విరువరాదు. విరిచినచో ముక్కలోని ప్లాస్టిక్ కొంత చట్రంతో ఊడివచ్చి గుంట పడును. ఇంట గోళ్ళు తీయు కట్టరుతో కొద్దిగా ఎడం విడిచి కత్తిరించి, మిగిలినదానిని ఆకురాయితోను, సన్నరకం ఉప్పుకాగితంతోను తీసివేయవలెను. ఉప్పుకాగితాన్ని తడిపి రుద్దినచో దుమ్ము లేవదు. ఊపిరితిత్తులకు అది మంచిది. బ్లేడు వాడునప్పుడు కోత ఎల్లప్పుడు చేతికి ఎడమై పోవలెను.

అతుకుటకు ముందు జిగురు లేకుండ రెండు ముక్కలను కూర్చి చూడవలెను. జిగురు సంగతి కొంత వివరింపదగినది. కాగితాలను అంటించు బంక రెండింటి నడుమ తాను నిలిచి పట్టుకొనును. ప్లాస్టిక్ నమూనాల జిగురు అట్లు కాదు. అందులోని ద్రావకం రెండు అంచులను కరిగించును, కరిగిన ప్లాస్టిక్ ఒకదానిలో ఒకటి కలియును, ద్రావకం ఆవిరైపోవును. మిగులునది ఏకఖండం. లోహాలను కాల్చి అతికిన అతుకు వంటిదే ఇది. అందుచేత తప్పుగా అతికినది విడదీయుట కష్టం. ఎక్కువగా పూసినచో అందమైన గీతలన్నియు కరిగిపోవును. పలుచని జిగురును చిన్న కుంచెతో అతుకు అంచున తాకించినచో, రెండు పలకల నడుమ నీరు ప్రాకినట్లు తనంతట తాను సందులోనికి ప్రాకును. ద్రావకపు ఆవిరి పీల్చదగినది కాదు. కిటికీలు తెరచి, దీపపు మంటకు దూరంగా పనిచేయవలెను. పారదర్శకమైన పైకప్పుకు మాత్రం ఈ జిగురు వాడరాదు, తెల్లగా మసకబారును. దానికి వడ్రంగులు వాడు తెల్లజిగురు చాలును.

విమానచోదకుని గది అన్నింటికంటె ముందు రంగులు దిద్దవలసినది. పొట్టభాగపు రెండు సగాలు మూసిన తరువాత అందులోనికి కుంచె పోదు. ముక్కు క్రింద చక్రం గల విమానమైనచో, మూయుటకు ముందే ముక్కులో చిన్న సీసపు గుండు దాచవలెను; లేనిచో నమూనా తోకపై కూలబడును. రెక్కలు అతికినప్పుడు ఎదురుగా కన్ను ఆనించి, రెండును సమానంగా పైకి లేచినవో లేదో చూచి, క్రింద అగ్గిపెట్టెలు ఆనుగా పెట్టి ఒక రాత్రి కదల్పకుండ ఉంచవలెను. మరునాడు అతుకులలో లప్పం నింపి, ఆరిన పిమ్మట నునుపుచేసి, అస్తరుపూత వేయవలెను. అస్తరు వేసిన క్షణంలో అంతవరకు కనబడని గీతలన్నియు బయటపడును. మరల లప్పం, మరల ఉప్పుకాగితం. తెలుగులో ఓర్పు అన్నను, ఉర్దూలో సబ్ర్ అన్నను, ఈ వ్యాసంగంలో దాని స్థానం ఈ దశయే.

రంగులు దిద్దుట

రంగులు రెండు జాతులు. ఎనామిల్ రంగులు నూనె స్వభావం గలవి. ఆలస్యంగా ఆరును, గట్టిగా పట్టును. అక్రిలిక్ రంగులు సాధారణంగా నీటితో పలుచబడును. త్వరగా ఆరును, వాసన తక్కువ. విద్యార్థులకు రెండవవి అనుకూలం. దళసరి పూత ఒకటి వేయుటకంటె పలుచని పూతలు మూడు మేలు. లేతరంగు ముందు, ముదురురంగు తరువాత. విమానపు క్రిందిభాగం ముందు, పైభాగం తరువాత. రంగు పట్టువేళ ఫ్యాను ఆపవలెను. గాలిలోని దుమ్ము తడిరంగుపై వ్రాలును. ముసురు పట్టిన వానరోజున చివరి మెరుగుపూత వేయకుండుట మంచిది. తేమకు అది పాలిపోవచ్చును.

రంగు విషయంలో మరొక సూక్ష్మం కలదు. దూరపు కొండలు నునుపు అను సామెత మనకున్నది. దూరపు కొండలు పాలిపోయినట్లు కూడ కనబడును. మన కంటికి, కొండకు మధ్యనున్న గాలిపొర రంగులోని గాఢతను తగ్గించును. 1/72 నమూనాను అడుగు దూరం నుండి చూచుట, అసలు విమానాన్ని 72 అడుగుల నుండి చూచుటతో సమానం. అందుచేత అసలు విమానపు రంగునే తెచ్చి నమూనాపై పూసినచో అది మోతాదు మించి ముదురుగా తోచును. నిపుణులు ఆ రంగులో కొద్దిగా తెలుపు కలుపుదురు. రంగు తప్పి, చూపు ఒప్పగుట ఇట్టి చోటనే చూడగలము.

డెకాల్‌లు సైకిలు చట్రంపై కంపెనీ గుర్తుగా అంటించు ట్రాన్స్‌ఫర్‌ల వంటివి. నీటిలో నానబెట్టి, కాగితంపై నుండి జార్చి, పట్టకారుతో సర్ది, గుడ్డతో అద్దవలెను. గరుకైన మందరంగుపై అంటించినచో క్రింద గాలి నిలిచి వెండివలె మెరయును. కనుక ముందు నిగనిగలాడు వార్నిషు, దానిపై డెకాల్, దానిపై మెరుపులేని వార్నిషు: ఇది క్రమం.

ఏ విమానం? ఏ రోజు?

ఇక విచారణ భాగానికి వత్తము. తొలి రకపు స్పిట్‌ఫైర్‌కు పైభాగాన మట్టిరంగు, ముదురాకుపచ్చ పట్టీలుండునని అందరును ఎరుగుదురు. క్రిందిభాగం మాటేమి? యుద్ధం ఆరంభమైన 1939లో సగం నలుపు, సగం తెలుపు. నేలపై నుండి చూచు తమ ఫిరంగిదళం తమ విమానాన్ని గుర్తించుటకు చేసిన ఏర్పాటది. 1940 జూన్‌లో దానిని మార్చి, 'స్కై' అను లేత ఆకుపచ్చ ఛాయగల రంగు వేయుమని ఆజ్ఞ వెలువడినది. కనుక 'స్పిట్‌ఫైర్ క్రింద ఏ రంగు?' అను ప్రశ్నకు సమాధానం లేదు. 'ఏ స్పిట్‌ఫైర్? ఏ నెలలో?' అని అడిగినప్పుడే సమాధానమున్నది.

తెలుగు విద్యార్థులకు ఈ పద్ధతి సుపరిచితం. ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించువాడు తాళపత్ర ప్రతులను సేకరించి, వాటిలో ఏది పాతది, ఏ లేఖకుడు ఎచ్చట మార్చెను అని తర్కించి పాఠాన్ని నిర్ణయించును. నమూనాకారుడు చేయునదియు పాఠ పరిష్కరణమే. అతని తాళపత్రాలు ఛాయాచిత్రాలు. తేదీ గల చిత్రం తేదీ లేనిదానికంటె మేలు. పాతకాలపు నలుపు తెలుపు చిత్రాలను నమ్ముటలోను జాగ్రత్త అవసరం. ఆనాటి కొన్ని ఫిలిములకు ఎరుపు వెలుగు సోకదు. ఎరుపు నల్లగాను, నీలం వెలవెలబోయినట్లును పడును. చిత్రం అబద్ధమాడదు గాని, దాని భాష తెలియనివానికి అది నిజం చెప్పదు.

హైదరాబాదు పేరు మోసిన విమానాలు

ఈ విచారణకు మన ప్రాంతంతో నిజమైన సంబంధం గల ఉదాహరణ ఉన్నది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1918లో, బ్రిటిషు వైమానిక దళపు 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్ 9ఎ అను బాంబరు విమానాలను సమకూర్చినది ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఆ విమానాలపై నిజాం కానుక అని తెలుపు వ్రాత ఉండెడిది. ఆ దళానికి 'హైదరాబాద్ స్క్వాడ్రన్' అను పేరు ఏర్పడినది. రెండవ ప్రపంచయుద్ధంలో 152వ స్క్వాడ్రన్‌కు హైదరాబాదు పేరు, 253వ దానికి హైదరాబాదు రాజ్యపు పేరు పెట్టిరి. 152వ స్క్వాడ్రన్ చిహ్నంలో ఉన్నది నిజాం ధరించు దస్తార్. ఇంగ్లండు ఆకాశంలో పోరాడిన ఒక దళానికి అసఫ్‌జాహీ తలపాగా గుర్తగుట మనలో ఎందరికి తెలియును?

ఆ 152వ స్క్వాడ్రన్ 1940 జూలైలో ఇంగ్లండు దక్షిణ తీరాన వార్మ్‌వెల్ విమానాశ్రయానికి చేరి, పోర్ట్‌లండ్ నౌకాస్థావర రక్షణలో పాల్గొన్నది. దాని స్పిట్‌ఫైర్‌లపై యు, ఎం అను అక్షరాలుండును. అదే దళం తరువాత ఉత్తర ఆఫ్రికా, ఇటలీల మీదుగా బర్మా రంగానికి వచ్చినది. అప్పటి విమానం స్పిట్‌ఫైర్ ఎనిమిదవ రకం. పేరొకటే అయినను రూపం మారినది: ముక్కు పొడవైనది, పంఖాకు మూడుకు బదులు నాలుగు ఆకులు వచ్చినవి, రెక్కల క్రింద రెండువైపుల సమానమైన రేడియేటర్లు అమరినవి. కొన్నింటిపై దూకుచున్న నల్లచిరుత బొమ్మ కూడ గీచిరి. అన్నింటికంటె గమనింపదగిన మార్పు గుండ్రని జాతీయచిహ్నంలోనిది. ఇంగ్లండులో దాని నడుమ ఎర్రని చుక్క ఉండెను. బర్మాలో ఎరుపును తొలగించి ముదురునీలం, లేతనీలం మాత్రమే ఉంచిరి. జపాన్ విమానాల గుర్తు ఎర్రని సూర్యబింబం. ఎర్రచుక్క కనబడగానే తమవారే తమవారిపై కాల్చు ప్రమాదముండెను. అనగా నమూనాపై ఆ చిన్న చుక్కకు ఏ రంగు వేయవలెనను ప్రశ్న, ఒకప్పుడు మనుషుల ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న.

నిజాం ఇచ్చిన డీహెచ్ 9ఎ విమానాలలో ఒకటి నేటికీ మిగిలియున్నది. ఎఫ్ 1010 అను సంఖ్యగల ఆ విమానం 1918 అక్టోబరు 5న జర్మనీపై బాంబుదాడికి పోయి శత్రువు నేలపై దిగవలసి వచ్చినది. జర్మనులు దానిని బెర్లిన్‌లో ప్రదర్శనకుంచిరి. రెండవ యుద్ధకాలంలో అది తూర్పుకు తరలి, పోలండులోని క్రాకోవ్ మ్యూజియం చేరినది. 1977లో బ్రిటిషు మ్యూజియంవారు దానికి బదులుగా ఒక స్పిట్‌ఫైర్‌ను పోలండుకిచ్చి, దీనిని లండనుకు తెచ్చుకొనిరి. హైదరాబాదు పేరు వ్రాసుకొన్న విమానం బెర్లిన్, క్రాకోవ్, లండను చూచినది. హైదరాబాదును మాత్రం చూడలేదు.

ఆ తరంలో మన నగరపు బిడ్డలు కొందరు స్వయంగా ఆ యంత్రాలను నడిపిరి. 1923లో హైదరాబాదులో జన్మించి నిజాం కళాశాలలో చదివిన ఇద్రీస్ హసన్ లతీఫ్ గారు యుద్ధకాలంలో బ్రిటన్‌లో హరికేన్, స్పిట్‌ఫైర్ విమానాలు నడిపి, బర్మా రంగంలో పనిచేసిరి. 1978 నుండి 1981 వరకు వారు భారత వైమానిక దళాధిపతి. 2018లో హైదరాబాదులోనే కన్నుమూసిరి. విమాన నమూనా చేయగోరు మన విద్యార్థికి ఇంతకంటె సమీపమైన ప్రేరణ అక్కరలేదు.

పెట్టెలో లేనిది

ఇచ్చట ఒక సందేహం రాక మానదు. స్పిట్‌ఫైర్, డీహెచ్ 9ఎ రెండును మనుషులను చంపుటకు చేసిన యంత్రాలు. వాటిని ముద్దుగా తయారుచేసి అల్మారాలో నిలుపుట తగునా?

ఈ ప్రశ్నను దాటవేయుట మంచిది కాదని మా అభిప్రాయం. కొలత అన్నింటిని చిన్నవి చేయును. 1/72లో బాంబు బియ్యపుగింజవలె, అందంగా కూడ కనబడును. ఎఫ్ 1010 వంటి విమానాలు బాంబులు వేసిన పట్టణాలలో ఇండ్లుండెను, ఆ ఇండ్లలో జనముండిరి. వారు పెట్టెలో ఉండరు. కానుక ఇచ్చినది నిజాం అని చరిత్ర వ్రాసినను, ఆ ధనం ఖజానా నుండి వచ్చినను, సర్ఫేఖాస్ నుండి వచ్చినను, చివరకు భూమిని దున్నిన రైతు కట్టిన పన్నులోనే దానికి వేరున్నది. తెలంగాణ, మరఠ్వాడా, కర్ణాటక జిల్లాల ఆ రైతు కూడ పెట్టెలో ఉండడు. తన పైకం ఏ దేశపు ఆకాశంలో ఏ పని చేసెనో అతనికి తెలిసే అవకాశం తక్కువ.

అందుచేత నమూనాలు మానవలెనని మేము చెప్పుట లేదు. యుద్ధవిమానాలను చేయనివారికి ప్రయాణికుల విమానాలు, అగ్నిమాపక విమానాలు, హెలికాప్టర్లు ఎన్నియో ఉన్నవి. యుద్ధవిమానమే చేయువారు దాని చరిత్ర మొత్తాన్ని చేయవలెను. రంగుకు సాక్ష్యం వెదకు శ్రద్ధతోనే, ఆ యంత్రాన్ని ఎవరు కొనిరి, అది ఎచ్చటికి పోయెను, ఎవరికి ఏమి జరిగెను అనియు వెదకవలెను. రివెట్టు లెక్క తెలిసి, మనిషి లెక్క తెలియని నమూనా అసంపూర్ణం.

మన కళాశాలలో

కళాశాల పాలకవర్గ పెద్దలకు ఈ సందర్భంలో ఒక సూచన చేయదలచితిమి. ఈ కిట్‌లు చాలవరకు విదేశాల నుండి దిగుమతియగు సరకు గనుక ప్రతి విద్యార్థి కొనుట సాధ్యం కాదు. ప్రతి విద్యార్థి కొనవలసిన అవసరమును లేదు. 1/72 కొలతలో చిన్న కిట్‌లు కొన్ని, గాలి ఆడు కిటికీలున్న గదిలో రెండు బల్లలు, తాళం వేయదగిన ఒక అల్మారా ఉన్నచో చాలును. ఇద్దరు విద్యార్థులకొక విమానం. భౌతికశాస్త్ర విద్యార్థి రెక్క ఏల అట్లున్నదో చెప్పును, రసాయనశాస్త్ర విద్యార్థి జిగురు సంగతి చెప్పును, చరిత్ర విద్యార్థి తేదీలు వెదకును.

భాషల విద్యార్థులకును పనియున్నది. పూర్తియైన ప్రతి నమూనా ప్రక్కన ఒక చీటీ ఉండవలెను. ఒకవైపు తెలుగులో, రెండవవైపు ఉర్దూలో. అందులో నాలుగే పంక్తులు: ఇది ఏ విమానం, ఏ సంవత్సరం, ఏ నెలలోని రూపం, ఈ రంగులకు సాక్ష్యమేమి, దీనివలన ఎవరికి ఏమి జరిగినది. సాక్ష్యం దొరకని పంక్తిలో 'తెలియదు' అని రెండు భాషలలోను స్పష్టంగా వ్రాయవలెను. అల్మారాలోని విమానాలు ఎంత చక్కగా ఉన్నవను దానికంటె, ఆ చీటీలు ఎంత నిజాయితీగా ఉన్నవను దానినిబట్టియే మన విద్యార్థుల పనితనాన్ని కొలువవలెనని మా మనవి.